మాత్రలు మొదలుపెట్టాక దురదా? మానకండి, దాచకండి



ఈ సంచిక మీ చేతికి అందేసరికి చలి బాగా ముదిరి ఉంటుంది. పిక్కల మీద తెల్లగా పొలుసులు లేవడం, మడమలు పగలడం, దుప్పటి కప్పుకోగానే ఒళ్లంతా జిల పుట్టడం ఈ నెలల్లో చాలా ఇళ్లలో ఉన్నదే. ఆరోగ్యంగా ఉన్నవారికి ఇది కొబ్బరినూనెతో తీరిపోయే సంగతి. కానీ టి.బి.కో, కుష్ఠుకో, మూర్ఛకో, క్యాన్సరుకో మందులు వాడుతున్నవారి విషయంలో అంత తేలిక కాదు. వారికి దురద మొదలవగానే ముందుగా అనుమానం పోయేది మాత్రల మీదికి. ఆ అనుమానం ఒక్కోసారి నిజమే, చాలాసార్లు కాదు. నిజమో కాదో తేలకముందే కొందరు మాత్రలు ఆపేస్తారు. మరికొందరు "డాక్టరు గారు కోప్పడతారేమో" అని ఒళ్లంతా దద్దుర్లు లేచినా చెప్పకుండా మింగుతూనే ఉంటారు. ఈ రెండూ ప్రమాదమే.

"సిస్టరమ్మా, మాత్రలు వేడి చేశాయి. నాలుగు రోజులు ఆపి మజ్జిగ తాగాను, తగ్గింది. మళ్లీ వేసుకుంటే మళ్లీ వచ్చింది." ఇలాంటి మాట వినని నర్సు టి.బి. వార్డులో ఉండదు. ఈ మాట చెప్పినవారిని తప్పు పట్టడానికి లేదు. రాత్రంతా గోక్కుంటూ కూర్చున్న మనిషికి పొద్దున్నే మళ్లీ అవే మాత్రలు మింగాలంటే చేయి రాదు. అయితే ఆ నాలుగు రోజుల్లో ఒంటి లోపల ఏం జరుగుతుందో తెలిస్తే, ఆపే ముందు ఒక్కసారి ఆసుపత్రి దాకా వస్తారని ఈ వ్యాసం.

మధ్యలో ఆపితే ఏమవుతుంది?

మామూలు టి.బి.కి చికిత్స ఆరు నెలలు. మొదటి రెండు నెలలు నాలుగు మందులు: ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్, పైరజినమైడ్, ఇథాంబ్యుటాల్. తర్వాతి నాలుగు నెలలు పైరజినమైడ్ తీసేసి మిగిలిన మూడు. మందులు మొదలుపెట్టిన కొన్ని వారాల్లోనే దగ్గు తగ్గుతుంది, ఆకలి పుడుతుంది. కానీ నిద్రాణంగా దాగి ఉన్న క్రిములు ఇంకా మిగిలే ఉంటాయి. మాత్రలు ఒకరోజు వేసి మూడురోజులు మానితే, చావగా మిగిలిన క్రిములకు మందును తట్టుకునే శక్తి వస్తుంది. మనవాళ్లు "మొండి టి.బి." అంటున్నది దీన్నే. దాని మందులు ఇంకా బలమైనవి, వాటి ఇబ్బందులూ ఎక్కువే. దురద పడలేక ఆపిన మాత్ర చివరికి అంతకంటె ఎక్కువ దురద పెట్టే మాత్రల దగ్గరకు చేరుస్తుందన్నమాట.

ఇక్కడ ఇంకో చిక్కు ఉంది. ఇంట్లో పెద్దవాళ్లెవరైనా పదిహేనేళ్ల క్రితం టి.బి. మందులు వాడి ఉంటే, "మేము రోజు విడిచి రోజే వేసుకున్నాం, నువ్వూ అలాగే వేసుకో, వేడి తగ్గుతుంది" అని సలహా ఇస్తారు. అప్పట్లో ప్రభుత్వ కార్యక్రమంలో వారానికి మూడు రోజుల పద్ధతి ఉండేది నిజమే. 2017 నుంచి దేశమంతటా రోజూ వేసుకునే పద్ధతి వచ్చింది. మోతాదులు కూడా ఆ లెక్కనే మారాయి. ఇప్పటి మాత్రను రోజు విడిచి రోజు వేసుకుంటే అది పాత చికిత్సా కాదు, కొత్త చికిత్సా కాదు.

పైగా ఇప్పుడు మందులన్నీ ఒకే మాత్రలో కలిపి ఇస్తున్నారు. బరువును బట్టి ఎన్ని మాత్రలో నిర్ణయిస్తారు. కాబట్టి "ఈ ఎర్రది మానేస్తాను, ఆ తెల్లది వేసుకుంటాను" అని ఇంట్లో ఏరుకునే వీలు లేదు. నాలుగింటిలో ఏది పడలేదో తేల్చడం ఆసుపత్రిలో జరగాల్సిన పని. అది ఎలా చేస్తారో కింద చెబుతాను.

దురదలన్నీ ఒకటి కావు

ముందు చర్మాన్ని చూడండి. పగటి వెలుగులో, దుస్తులు తీసి, వీపు వైపు ఇంట్లో వాళ్లతో చూపించుకోండి. మన చామనఛాయ ఒంటి మీద ఎరుపు అంత స్పష్టంగా కనబడదు. అందుకే చేత్తో తడిమి చూడాలి. గరుకుగా, ఉబ్బెత్తుగా తగిలితే దద్దురు ఉన్నట్టు. అరచేతులు, మోచేతి మడతలు, పొట్ట మీద రంగు తేడా కొంచెం తేలికగా తెలుస్తుంది.

పొడిబారడం వల్ల వచ్చే దురద ఎక్కువగా పిక్కలు, ముంజేతులు, నడుము పక్కల ఉంటుంది. చర్మం తెల్లగా, బూడిద పూసినట్టు, గోకితే గీతలు పడేట్టు ఉంటుంది. దద్దురు ఉండదు. టి.బి.తో బాగా చిక్కిపోయినవారికి చర్మం కింద కొవ్వు తరిగిపోయి ఇది మరీ ఎక్కువ. తిండి పట్టి బరువు పెరిగేకొద్దీ చర్మం కూడా కోలుకుంటుంది.

దద్దురు ఏమీ లేకుండా ఒళ్లంతా నవ పెట్టడం టి.బి. మందులతో, ముఖ్యంగా పైరజినమైడ్, రిఫాంపిసిన్‌లతో తరచు కనబడుతుంది. కొందరికి మాత్ర వేసుకున్న కొద్దిసేపటికి ముఖం వెచ్చబడి కాసేపు జిల పుట్టి తగ్గిపోతుంది. ఇలాంటి దానికి సాధారణంగా చికిత్స ఆపరు. మాత్రలు వేసుకుంటూనే డాక్టరు గారికి చెబితే సెట్రిజిన్ వంటి దురద మాత్ర రాత్రిపూట వేసుకోమంటారు. దురద మాత్రల్లో కొన్ని మత్తు కలిగిస్తాయి. వేసుకుని మోటారు సైకిలు నడపడం, చెట్టెక్కడం, మిషను దగ్గర పని చేయడం వద్దు.

దద్దుర్లు లేచాయంటే మాత్రం అది వేరే సంగతి. మందు పడకపోవడం వల్ల వచ్చే దద్దుర్లు చాలామందిలో చికిత్స మొదలైన మొదటి రెండు నెలల్లోనే బయటపడతాయి. చిన్నగా నాలుగు లేచి తగ్గిపోవచ్చు. లేదా ప్రమాదంగా మారవచ్చు. ఏది ఎటు పోతుందో మొదటి రోజున ఎవరూ చెప్పలేరు. కనుక దద్దురు కనబడిన రోజునే చూపించుకోవాలి.

ఇక కామెర్లు. కాలేయం దెబ్బతింటే ఒళ్లంతా దురద రావచ్చు, చర్మం మీద మరే గుర్తూ ఉండదు. రిఫాంపిసిన్ వేసుకునేవారికి మూత్రం నారింజ రంగులో రావడం మామూలే, దానికి భయపడనవసరం లేదు. కానీ "ఎలాగూ మాత్రల రంగే కదా" అని అసలు కామెర్లను కూడా కొట్టిపారేయకూడదు. తేడా ఎలా తెలుస్తుంది? కళ్లు చూడండి. ఎండ వెలుగులో కంటి తెల్లగుడ్డు పచ్చగా ఉంటే, ఆకలి చచ్చిపోయి వాంతులు వస్తుంటే, అది మాత్రల రంగు కాదు. మద్యం అలవాటున్నవారికి ఈ ప్రమాదం ఎక్కువ. మందులు వాడినన్నాళ్లూ తాగుడు పూర్తిగా మానాలని డాక్టర్లు చెప్పేది ఇందుకే.

గజ్జిని మరవకండి. వేళ్ల సందుల్లో, మణికట్టు దగ్గర, బొడ్డు చుట్టూ, తొడల మధ్య చిన్న చిన్న పొక్కులు, రాత్రయితే దురద ఎక్కువ కావడం, ఇంట్లో పిల్లలు కూడా గోక్కుంటూ ఉండడం గజ్జి లక్షణాలు. ఇది మాత్రల వల్ల వచ్చింది కాదు, మాత్రలు ఆపితే పోదు కూడా. డాక్టరు ఇచ్చిన పూతమందు ఇంట్లో అందరూ ఒకే రాత్రి మెడ నుంచి కాలివేళ్ల దాకా రాసుకుని, మర్నాడు దుప్పట్లు, బట్టలు వేడినీళ్లలో ఉతికి ఎండలో వేయాలి. దురద ఉన్న ఒక్కరే రాసుకుంటే వారం తిరక్కుండా మళ్లీ అంటుకుంటుంది.

వెంటనే రావలసినప్పుడు

ఈ కింది వాటిలో ఏ ఒక్కటి కనబడినా తర్వాతి మోతాదు వేసుకోకుండా అదే రోజు ఆసుపత్రికి రండి. రాత్రయినా రండి. ఆదివారమైనా రండి, ఆరాధన అయ్యాక వద్దామని ఆగవద్దు.

దద్దుర్లతో పాటు జ్వరం. నోట్లో, పెదవుల మీద, మర్మావయవాల దగ్గర పుండ్లు. కళ్లు ఎర్రబడి మంట, పుసి. చర్మం మీద నీటిబుడగలు, ముట్టుకుంటే తోలు ఊడిరావడం. చర్మం నొప్పిగా, కాలినట్టు ఉండడం. ముఖం, పెదవులు, నాలుక వాయడం. కళ్లు పచ్చబడడం. చర్మం మీద ఊదా రంగు చుక్కలు లేచి, గాజు గ్లాసు అడుగుతో నొక్కినా మాయం కాకపోవడం. ఈ చివరిది చర్మం కింద రక్తం చిమ్మిందనడానికి గుర్తు. రిఫాంపిసిన్ వల్ల అరుదుగా రక్తంలో ప్లేట్‌లెట్లు పడిపోయినప్పుడు ఇలా అవుతుంది.

ఊపిరి ఆడకపోయినా, గొంతు పట్టేసినట్టున్నా, తల తిరిగి పడిపోతున్నా బస్సు కోసం చూడవద్దు. 108కి ఫోను చేయండి.

నోటి పుండ్లు, కళ్ల మంట, తోలు ఊడడం కలిసి వచ్చే జబ్బును స్టీవెన్స్ జాన్సన్ సిండ్రోమ్ అంటారు. అరుదైనదే, కానీ ప్రాణం తీయగలదు, చూపు పోగొట్టగలదు. టి.బి. మందులకంటె ఎక్కువగా మూర్ఛకు వాడే కార్బమజెపిన్, ఫెనిటాయిన్ వంటి వాటితో, సల్ఫా మందులతో, గౌటు నొప్పులకు ఇచ్చే అల్లోప్యూరినాల్‌తో ఇది కనబడుతుంది. ఇవి కొత్తగా మొదలుపెట్టినవారు మొదటి రెండు నెలలు ఒంటిని గమనిస్తూ ఉండాలి. మూర్ఛ మాత్రల విషయంలో ఒక మెలిక ఉంది: అవి ఉన్నట్టుండి ఆపితే ఫిట్సు వచ్చే ప్రమాదం. అందుకే దద్దురు వస్తే ఇంట్లో ఆపి కూర్చోవడం కాదు, అదే రోజు వచ్చి వేరే మందుకు మార్పించుకోవాలి. ఒకసారి ఇలా పడని మందు పేరు కాగితం మీద రాయించుకుని ఆధార్ కార్డుతో పాటు దాచుకోండి. పదేళ్ల తర్వాత వేరే ఊళ్లో వేరే డాక్టరు అదే మందు రాయవచ్చు.

ఆసుపత్రిలో ఏం చేస్తారు?

టి.బి. మందులకు దద్దుర్లు ఎక్కువగా వస్తే డాక్టరు అన్ని మందులూ ఆపిస్తారు. రక్త పరీక్ష, కాలేయం పరీక్ష చేయిస్తారు. చర్మం శాంతించాక ఒక మందు చాలా తక్కువ మోతాదులో మొదలుపెట్టి, రెండు మూడు రోజుల్లో పెంచుతూ పూర్తి మోతాదుకు తెస్తారు. దురద రాకపోతే రెండో మందు, తర్వాత మూడోది. ఏది కలిపినప్పుడు దద్దురు లేచిందో అదే పడని మందు. దాన్ని పక్కన పెట్టి మిగిలిన వాటితో, అవసరమైతే మరో మందు చేర్చి చికిత్స నడుపుతారు. నీటిబుడగలు, నోటి పుండ్లు వచ్చేంత తీవ్రమైన ప్రతిచర్యకు కారణమైందని అనుమానం ఉన్న మందును మాత్రం మళ్లీ ఇవ్వరు.

దీనికి రెండు మూడు వారాలు పట్టవచ్చు. "ఆపారు, మళ్లీ ఇచ్చారు, ఇంకొకటి కలిపారు, మా నాన్న మీద ప్రయోగాలు చేస్తున్నారు" అని కుటుంబాలు విసుక్కోవడం సహజం. కొందరు మధ్యలోనే తీసుకెళ్లిపోతారు కూడా. వరసగా ఒక్కొక్కటి ఇచ్చి చూస్తేనే దోషి దొరుకుతుంది. నాలుగూ ఒకేసారి ఇస్తే దొరకదు. ఈ సంగతి ముందే తెలిస్తే ఆ రెండు వారాలు ఓపిక పట్టడం కష్టం కాదు.

కుష్ఠు మందులు, నల్లబడే చర్మం

కుష్ఠు వ్యాధికి ఇచ్చే బహుళ ఔషధ చికిత్సను ప్రపంచ ఆరోగ్య సంస్థ 1981లో సిఫారసు చేసింది. రిఫాంపిసిన్, డాప్సోన్, క్లోఫజిమిన్ అనే మూడు మందులు నెలకొక అట్ట చొప్పున ఇస్తారు. వీటిలో క్లోఫజిమిన్ వాడినవారి చర్మం కొన్ని నెలల్లో ఎర్రటి గోధుమ రంగుకు, తర్వాత నలుపుకు తిరుగుతుంది. ముఖం, ఎండ తగిలే చేతులు, మచ్చలున్న చోట్లు మరీ నల్లబడతాయి. కాళ్ల మీద చర్మం ఎండిపోయి చేప పొలుసుల్లా లేస్తుంది. మొండి టి.బి. చికిత్సలో కూడా ఈ మందునే వాడతారు కాబట్టి వారికీ ఇదే జరుగుతుంది.

దురద కంటే ఈ రంగు మారడమే మనుషుల్ని ఎక్కువగా కుంగదీస్తుంది. ఊళ్లో "ఏమిటమ్మా అలా నల్లబడ్డావు?" అని ఒకరు అడిగితే చాలు, ఆ నెల అట్ట అలాగే బీరువాలో ఉండిపోతుంది. పెళ్లి కావలసిన ఆడపిల్లలున్న ఇళ్లలో ఈ బాధ ఎంతటిదో మాకు తెలుసు. కనుక స్పష్టంగా చెబుతున్నాం: ఈ రంగు శాశ్వతం కాదు. చికిత్స పూర్తయ్యాక నెలలు గడిచేకొద్దీ తగ్గుతుంది, కొందరికి ఏడాది పైన పట్టవచ్చు. మాత్రలు మానితే మాత్రం నరాలు దెబ్బతిని వేళ్లు వంకరపోయే ప్రమాదముంది, అది తిరిగి రాదు. ఎండలోకి గొడుగు, పొడుగు చేతుల చొక్కా, రోజూ నూనె. రంగు భరించలేనంత బాధ పెడుతుంటే డాక్టరుతో విప్పి చెప్పండి, మానేయడం కంటె వేరే దారి ఏదైనా ఉందేమో ఆయన చూస్తారు.

డాప్సోన్ గురించి ఒక హెచ్చరిక. అరుదుగా కొందరికి మందు మొదలుపెట్టిన నాలుగు నుంచి ఆరు వారాల మధ్య జ్వరం, దద్దుర్లు, కామెర్లు కలిసి వస్తాయి. మెడ గ్రంథులు వాస్తాయి. అది వస్తే మాత్ర ఆపి వెంటనే రావాలి. ఇక, ఉన్న మచ్చలే ఒక్కసారిగా ఎర్రబడి ఉబ్బి, మోచేతి దగ్గరో మోకాలి దగ్గరో నరం నొప్పి పుడితే అది మందు పడకపోవడం కాదు. దాన్ని కుష్ఠు ప్రతిచర్య అంటారు. దానికి వేరే మందు త్వరగా ఇవ్వాలి, కుష్ఠు మాత్రలు కొనసాగాలి. ఈ రెంటినీ మీరే విడదీసి చూసుకోవాలని అనుకోకండి. వచ్చి చూపించండి చాలు.

కుష్ఠు ఉన్నవారికి చర్మం ఎండడానికి మందుకు తోడు మరో కారణం ఉంది. చెమట పట్టించే నరాలు దెబ్బతింటే ఆ భాగంలో చెమట ఊరదు. ఎండిన చర్మం పగులుతుంది, స్పర్శ లేదు కాబట్టి పగిలినట్టు తెలియదు, ఆ పగులులో నుంచి చీము పడుతుంది. 1946లో వెల్లూరు వచ్చిన డాక్టరు పాల్ బ్రాండ్ గారు వేళ్లు పోవడానికి అసలు కారణం నొప్పి తెలియకపోవడమేనని లోకానికి చూపించారు. అందుకే కుష్ఠు ఆసుపత్రుల్లో కాళ్ల సంరక్షణ ఒక పాఠంలా నేర్పుతారు. మామూలు చన్నీళ్లలో పాదాలు ఇరవై నిమిషాలు నానబెట్టాలి. వేడినీళ్లు వద్దు, కాలినా తెలియదు. మందంగా పేరుకున్న చర్మాన్ని నున్నటి రాయితో మెల్లగా రుద్దాలి, బ్లేడు పెట్టకూడదు. తడి ఆరకముందే నూనో వాసిలీనో రాయాలి. పుండు ఉంటే నానబెట్టే ముందు సిస్టరుకు చూపించండి. ఇది రోజూ చేయాలి. షుగరు వల్ల కాళ్లు మొద్దుబారినవారు నానబెట్టడం, రాయితో రుద్దడం సొంతంగా మొదలుపెట్టవద్దు. వారికి రోజూ పాదాలు చూసుకోవడం, వేళ్ల సందులు వదిలి నూనె రాసుకోవడం చాలు.

ఇంట్లో చేసుకోగలవి

యోబు బూడిదలో కూర్చుని చిల్లపెంకుతో ఒళ్లు గోక్కున్నాడని ఆయన గ్రంథం రెండో అధ్యాయంలో చదువుతాం. పాపం, ఆయన దగ్గర నూనె రాసేవారు కూడా లేరు. మనకు ఆ గతి లేదు. గోకితే చర్మం గీరుకుపోయి క్రిమి చేరుతుంది, దురద ఇంకా పెరుగుతుంది. గోళ్లు పొట్టిగా కత్తిరించుకోండి. జిల పుట్టినచోట చల్లటి తడిగుడ్డ వేయండి, లేదా అరచేత్తో మెల్లగా తట్టండి. పిల్లలకు రాత్రిపూట చేతులకు సాక్సులు తొడిగితే సరిపోతుంది.

స్నానం దగ్గరే సగం తప్పు జరుగుతుంది. చలికాలం పొగలు కక్కే నీళ్లు హాయిగా ఉంటాయి, కానీ అవి చర్మంలోని జిడ్డునంతా కడిగేస్తాయి. గోరువెచ్చటి నీళ్లతో అయిదు పది నిమిషాల్లో ముగించండి. బట్టల సబ్బుతో ఒళ్లు రుద్దుకునే అలవాటు మానాలి. క్రిమిసంహారక ద్రావకాలు నీళ్లలో కలుపుకోవద్దు. సబ్బు చంకలకు, గజ్జలకు, పాదాలకు రాస్తే చాలు, ఒళ్లంతా రోజూ అక్కర్లేదు. పీచుతో తోమవద్దు. తువ్వాలుతో అద్దుకుని, ఒంటి మీద ఇంకా తేమ ఉండగానే నూనె రాయండి. ఆరిపోయాక రాసిన నూనె పైన జిడ్డుగా నిలుస్తుందే కాని తేమను పట్టి ఉంచదు. కొబ్బరినూనె, నువ్వులనూనె, వాసిలీన్ ఏదైనా మంచిదే. ఖరీదైన సువాసన క్రీములు అక్కర్లేదు, వాసన కోసం కలిపినవే కొందరికి దురద పెడతాయి. పడుకునే ముందు మరోసారి రాసుకుంటే రాత్రి నిద్ర పడుతుంది.

వేపాకు వేసి కాచిన నీళ్లు చల్లారాక పోసుకుంటే అభ్యంతరం లేదు. అయితే ఆకు పసరు, సున్నం, పసుపు ముద్ద వంటివి పగిలిన చర్మం మీద పట్టించవద్దు. కాలమిన్ లోషన్ చెమ్మగా ఉన్న దద్దుర్లకు చల్లదనం ఇస్తుంది కానీ పొడి చర్మాన్ని ఇంకా ఎండబెడుతుంది. స్వెట్టరు కింద నూలు చొక్కా ఉండాలి, ఉన్ని నేరుగా తగిలితే గుచ్చుకుంటుంది.

మెడికల్ షాపులో "దురద ట్యూబు" అడిగి కొనుక్కోవడం గురించి గట్టిగా చెప్పాలి. వాటిలో చాలావాటిలో బలమైన స్టిరాయిడ్ ఉంటుంది. రెండు రోజుల్లో దురద మాయమవుతుంది, అదే దాని ఆకర్షణ. వారాల తరబడి రాస్తే చర్మం పలచబడుతుంది, తామర ఉంటే గుర్తుపట్టలేనంతగా పాకుతుంది. అంతకంటె ముఖ్యంగా, మందు పడని దద్దురును పైపైన కప్పేస్తే లోపల ముదురుతున్నది కనబడదు. ఊళ్లో వేయించుకునే "దురద ఇంజెక్షను" సంగతీ ఇంతే.

పథ్యం మాట. దురద అనగానే గుడ్డు, చేప, వంకాయ, గోంగూర అన్నీ బందు చేస్తారు. ఎప్పుడూ తిని పడనిది ఏదైనా ఉంటే మానండి. అలా ఏమీ లేనప్పుడు గుడ్డూ చేపా మానిపిస్తే టి.బి. రోగికి కండ పట్టదు, చర్మం కోలుకోదు. ప్రభుత్వం నిక్షయ్ పోషణ యోజన కింద టి.బి. రోగి ఖాతాలో 2018 నుంచి నెలకు 500 రూపాయలు వేస్తుండగా, 2024 నవంబరు నుంచి దాన్ని 1000కి పెంచింది. అది గుడ్లకూ, పప్పుకూ, పాలకూ ఇచ్చిన డబ్బు. ఖాతాలో పడకపోతే మీ ఆశా కార్యకర్తనో, టి.బి. విభాగంలోనో అడగండి.

క్యాన్సరు మందులు తీసుకునేవారికి, డయాలసిస్ మీద ఉన్నవారికి కూడా చర్మం ఎండి దురద పెడుతుంది. పైన చెప్పిన స్నానం, నూనె పద్ధతి వారికీ వర్తిస్తుంది. డయాలసిస్ రోగుల్లో రక్తంలో ఫాస్ఫరస్ పెరగడం కూడా దురదకు ఒక కారణం కావచ్చు, దానికి ఆహారం, మాత్ర సరిచేయాలి. కరెంటు చికిత్స జరుగుతున్న చోట మాత్రం నూనె, క్రీము ఏదైనా ఆ విభాగం వారిని అడిగాకే రాయాలి.

సంఘస్థులకు ఒక మాట. ప్రార్థన చేయించుకున్నాక మాత్రలు అక్కర్లేదని ఎవరైనా అంటే, రాజైన హిజ్కియాను గుర్తు చేయండి. దేవుడు అతని ప్రార్థన విన్నానని చెప్పాకే ప్రవక్త యెషయా అంజూరపు పండ్ల ముద్ద తెప్పించి పుండు మీద వేయించాడు. పాస్టరు గారూ, పాస్టరమ్మ గారూ ఇంటి దర్శనాలకు వెళ్లినప్పుడు "మాత్రలు పడుతున్నాయా, దురద ఏమైనా ఉందా?" అని అడగగలిగితే ఎంతో మేలు. ఆడవాళ్లు ఒంటి మీద దద్దుర్ల సంగతి మగ డాక్టరుకు చెప్పరు, ఇంట్లో భర్తకూ చెప్పరు. పాస్టరమ్మ గారు అడిగితే చెబుతారు.

ఓ.పి.కి వచ్చేటప్పుడు వేసుకుంటున్న మాత్రల అట్టలన్నీ తెచ్చుకోండి. షాపులో కొన్న నొప్పి మాత్ర, ఆకుమందు, పొడి, పూత ట్యూబు కూడా సంచిలో వేసుకురండి. దురద పెట్టింది టి.బి. మాత్ర కాక ఆ నొప్పి మాత్రే అయి ఉండవచ్చు. దద్దుర్లు వచ్చిపోతూ ఉంటే, లేచినప్పుడు ఫోనులో ఫొటో తీయించి ఉంచండి. మీరు వచ్చేసరికి అవి మాయమైనా డాక్టరు చూడగలుగుతారు. ఏ రోజు మాత్రలు మొదలుపెట్టారు, ఏ రోజు దురద మొదలైంది, మధ్యలో ఎన్ని రోజులు మానేశారు అన్నవి ఒక చీటీ మీద రాసుకురండి. మానేసిన రోజులు ఉంటే దాచకుండా రాయండి, కోప్పడరు. తర్వాత ఏ మందు ఎంత ఇవ్వాలో ఆ లెక్క మీదే ఆధారపడి ఉంటుంది.